గల్లాపెట్టె నిండితే లాభమేనా?

మెట్ట ప్రాంతపు హోటళ్ళ లెక్కా డొక్కా

నందిగామ: హైదరాబాదు - విజయవాడ రోడ్డు మీద గరికపాడు దగ్గర సరిహద్దు దాటి చిల్లకల్లు, నందిగామ, కీసర మీదుగా పోయే ప్రయాణీకుడికి రెండు పక్కలా కనిపించేవి పత్తి చేలు, మిరప చేలు, వాటి మధ్య హోటలు బోర్డులు. ఒకప్పటి కృష్ణాజిల్లా మెట్ట ప్రాంతమై, 2022 ఏప్రిల్ 4 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలోకి వచ్చిన జగ్గయ్యపేట, నందిగామ పట్టణాల చుట్టూ కాకా హోటలు మొదలుకొని ఏ.సి. రెస్టారెంటు దాకా అన్ని తరగతుల హోటళ్ళూ వున్నాయి. ఆ బోర్డుల మీది పేర్లు తరచు మారుతూ వుండటం కూడా ఈ దారిన పోయేవారు గమనించే వుంటారు.

సేద్యం మీద నమ్మకం సడలి, కౌలు వదులుకొని, ఇంట్లో వున్న బంగారం తాకట్టు పెట్టి హోటలు తెరిచేవారు ఈ ప్రాంతంలో కొత్త కాదు. తిండి దుకాణానికి ఎప్పుడూ గిరాకీ వుంటుందనీ, సాయంత్రానికి చేతిలో రొక్కం ఆడుతుందనీ వారి ఆశ. ఆశ అబద్ధం కాదు. రొక్కం ఆడుతుంది. పంట చేతికి వచ్చేదాకా ఆరు నెలలు ఆగటానికి అలవాటుపడిన చేతికి ప్రతి రాత్రీ నోట్లు కనిపించేసరికి అదంతా తన సొమ్మే అనిపిస్తుంది. చిక్కు అక్కడే మొదలవుతున్నది. వంట బాగా వచ్చినవారు మూసుకుపోవటం, వంట అంతంతమాత్రంగా వచ్చినవారు నిలదొక్కుకోవటం చూస్తున్నాము. తేడా పొయ్యి దగ్గర కన్నా పుస్తకం దగ్గర ఎక్కువగా వుంటున్నది.

ఒక ప్లేటు ఇడ్లీ లెక్క

లెక్క కోసం ఒక చిన్న టిఫిను హోటలు తీసుకుందాం. ఇందులోని అంకెలు ఏ ఒక్క హోటలువీ కావు. ఎవరికివారు తమ అంకెలు వేసుకొని చూసుకోవచ్చు.

ప్లేటు ఇడ్లీ అమ్మకం ధర రు. 30 అనుకుందాం. పప్పు, రవ్వ, చట్నీకి పల్లీలు, కొబ్బరి, సాంబారు, గ్యాసు అన్నీ కలిపి ప్లేటు వెంట పోయే ఖర్చు రు. 16. మిగిలేది రు. 14. ఒక ప్లేటు అమ్మితేనే ఈ 16 ఖర్చవుతుంది. అమ్మకపోతే, పిండి వృథా చేసుకోకపోతే, ఖర్చు లేదు.

రెండో రకం ఖర్చు వేరు. ఒక్క ప్లేటు కూడా అమ్మకపోయినా అది నెత్తిన పడుతుంది. గది అద్దె రోజుకు 300, వంటమాస్టరుకు 800, సర్వరుకూ ప్లేట్లు కడిగే మనిషికీ కలిపి 900, కరెంటు, నీళ్ళు 150, చిల్లర ఖర్చులు 100. మొత్తం రు. 2,250. ప్లేటుకు 14 చొప్పున ఇది పూడాలంటే 161 ప్లేట్లు పోవాలి. అంతవరకు యజమాని అద్దె కోసం, మాస్టరు కోసం అమ్ముతున్నట్టే. 162వ ప్లేటు నుండి తన కోసం.

ఇప్పుడు రోజుకు 200 ప్లేట్లు పోయే హోటలు చూద్దాం. రాత్రి గల్లాలో రు. 6,000 కనిపిస్తుంది. ఇరుగుపొరుగు కళ్ళలో అది బాగా సాగే హోటలు. కానీ 200 ప్లేట్ల మీద మిగిలింది రు. 2,800. అందులో 2,250 పోగా నిలిచేది రు. 550.

ఈ 550 కూడా లాభం కాదు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి రాత్రిదాకా నిలబడిన భార్యాభర్తల కూలి ఇందులో లెక్కకు రాలేదు. వారిద్దరూ వేరొకరి దగ్గర పనికి పోతే మనిషికి 500 చొప్పున వెయ్యి వచ్చేదనుకుంటే, ఆ వెయ్యి కూడా హోటలు ఖర్చే. అడ్వాన్సుకూ సామాన్లకూ పెట్టిన 3 లక్షలకు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ చొప్పున నెలకు 6,000, అంటే రోజుకు 200. గ్రైండరు, స్టీలు గిన్నెలు, కుర్చీలు అరిగిపోతాయి గనుక రోజుకు 100 పక్కన పెట్టాలి. ఈ 1,300 కలిపితే రోజు ఖర్చు 3,550 అవుతుంది. అది పూడటానికి 254 ప్లేట్లు కావాలి. 200 ప్లేట్ల హోటలు నిజానికి రోజుకు రు. 750 నష్టంతో నడుస్తున్నదన్నమాట. నష్టం కంటికి ఆనదు. ఎందుకంటే అది ఇంటి మనుషుల రెక్కల నుండీ, గ్రైండరు ఆయుష్షు నుండీ కొద్దికొద్దిగా తీసుకుంటున్నారు. రెండేళ్ళ తర్వాత గ్రైండరు పాడైననాడు కొత్తదానికి అప్పు చేయవలసి వచ్చినప్పుడు తెలుస్తుంది.

సొంత స్థలంలో హోటలు పెట్టినవారు అద్దె లేదని సంతోషిస్తారు. అదే గది మందుల షాపుకిస్తే ఎంత వచ్చేదో ఆ మొత్తం వారు ప్రతి నెలా తమ హోటలుకు కడుతూనే వున్నారు.

ధర తగ్గిస్తే జనం, పెంచితే భయం

ఎదురుగా కొత్త హోటలు వస్తే మొదట తోచే ఆలోచన ధర తగ్గించటం. 30ని 25 చేస్తే ప్లేటుకు మిగిలేది 14 నుండి 9కి పడిపోతుంది. 200 ప్లేట్ల మీద వచ్చిన ఆ 2,800 నిలబెట్టుకోవాలంటే ఇప్పుడు 312 ప్లేట్లు అమ్మాలి. బేరం సగానికి పైగా పెరగాలి. అంత బేరం వస్తే ఇంకో మనిషి కావాలి, వాడి కూలి మళ్ళీ పైన. ఎదురువాడు కూడా 25 చేస్తే ఇద్దరికీ పాత బేరమే మిగిలి, గల్లాలు మాత్రం వట్టిపోతాయి. బాగుపడేది తినేవారు, వారైనా కొన్నాళ్ళే. తర్వాత ఇడ్లీ సైజు తగ్గుతుంది.

ధర 35 చేస్తే మిగిలేది 19. అప్పుడు 148 ప్లేట్లు పోయినా ఆ 2,800 వస్తుంది. అంటే ఐదు రూపాయలు పెంచినందుకు 50 మంది దాకా మానేసినా నష్టం లేదు. అలాగని ఎవరు పడితే వారు పెంచవచ్చునా? అది తినేవాడికి మరో దారి వుందా లేదా అన్నదాని మీద ఆధారపడి వుంటుంది. జగ్గయ్యపేట బస్టాండు దగ్గర నాలుగు అడుగులు వేస్తే మరో హోటలు. అక్కడ రోజూ తినే కూలీకి, దుకాణంలో గుమాస్తాకు ఐదు రూపాయలు పెద్దవే. రోడ్డు మీద కారు ఆపినవాడికి ఐదు రూపాయల కన్నా నీడ, మరుగుదొడ్డి, కారు పెట్టుకొనే చోటు ముఖ్యం. ఈ విలేకరి చూసినంతలో రోడ్డు మీది హోటళ్ళ ఖర్చులో ఎక్కువ ఫలితమిచ్చేది శుభ్రమైన మరుగుదొడ్డి. ఆడవారు, పిల్లలు వున్న బండి దానిని చూసే ఆగుతుంది.

దూర ప్రయాణం ప్రయివేటు బస్సులు ఆగే హోటళ్ళలో డ్రైవరుకు, క్లీనరుకు ఉచిత భోజనం పెట్టటం ఆచారం. ఆ రెండు భోజనాలు ఉచితం కాదని వేరే చెప్పనక్కరలేదు. నలభై మంది ప్రయాణీకుల ప్లేట్లలో సర్దుతారు. పక్క హోటలుకు నడిచిపోయే వ్యవధి లేని ప్రయాణీకుడు అడిగినంతా ఇస్తాడు. అయితే అదే మనిషి తన సొంత కారులో వచ్చిననాడు ఆ హోటలు ముందు ఆగడు.

ఉదయం పదిన్నరకు ముప్పయి ప్లేట్ల పిండి మిగిలిందనుకోండి. సాయంత్రానికి అది పులిసిపోతుంది. దాని మీద ఖర్చు అప్పటికే అయిపోయింది. కనుక 20కి అమ్మినా పారబోయటం కన్నా మేలే. కానీ రోజూ అలాగే అమ్మితే ఎనిమిదింటికి రావలసినవారు పదిన్నరకే రావటం నేర్చుకుంటారు. అంతకన్నా ఏ వారం ఎన్ని ప్లేట్లు పోయాయో రాసిపెట్టుకొని పిండి తగ్గించి నానబెట్టటం సులువు. రోజుకు పది ప్లేట్ల పిండి పారబోస్తే నెలకు రు. 4,800, మన లెక్కలోని గది అద్దెలో సగానికి పైమాట.

ఇండొనీషియాకూ బజ్జీల మూకుడుకూ సంబంధం

ప్లేటు వెంట పోయే ఆ 16 రూపాయలు స్థిరంగా వుండవు. మన దేశం వంటనూనెలో సగానికి పైగా విదేశాల నుండి తెప్పించుకుంటున్నది. పామాయిలు ఎక్కువగా ఇండొనీషియా, మలేషియాల నుండి వస్తుంది. 2022 ఏప్రిల్ 28న ఇండొనీషియా పామాయిలు ఎగుమతి నిలిపివేసి, మే 23న తిరిగి అనుమతించింది. ఆ దేశం తన ప్రజలకు నూనె చాలటం లేదని తీసుకున్న నిర్ణయం అది. ఆ సెగ నందిగామ బజ్జీల బండి దాకా వచ్చింది. 2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం ముడి నూనెల మీద దిగుమతి సుంకాలను, సెస్సులతో కలిపి, 5.5 శాతం నుండి 27.5 శాతానికి పెంచింది. నూనెగింజల రైతుకు ధర రావాలన్నది ఉద్దేశం. 2025 మే నెలాఖరున దానిని 16.5 శాతానికి తగ్గించింది. 2023 జూలైలో టమాటా కిలో వంద రూపాయలు దాటి పోవటం, అదే ఏడాది డిసెంబరులో ఉల్లి ఎగుమతి ఆపి 2024 మే వరకు నిషేధం కొనసాగించటం అందరికీ గుర్తే.

టమాటా రెండు నెలలకు దిగివస్తుంది. దానికి ప్లేటు ధర మార్చనక్కరలేదు. చట్నీ మార్చుకుంటే చాలు. దోసకాయ, గోంగూర మన చేలల్లోనే పండుతున్నాయి. నూనె, గ్యాసు అలాంటివి కావు. 19 కిలోల వాణిజ్య సిలిండరు ధర సాధారణంగా ప్రతి నెలా ఒకటో తేదీన మారుతుంది. బోర్డు మీది ధర రెండేళ్ళుగా మార్చని హోటలు తన పెట్టుబడిని కొంచెం కొంచెం తింటున్నట్టే. కొందరు 14.2 కిలోల ఇంటి సిలిండరుతో నెట్టుకొస్తారు. అది చట్టవిరుద్ధం. పట్టుబడితే సిలిండరు పోవటమే కాక కేసు కూడా. ఇంటి సిలిండరు మీదనే లాభం నిలిచిన హోటలుకు లాభం లేదనే చెప్పాలి.

ఖాతా పుస్తకం, డైలీ ఫైనాన్సు

జగ్గయ్యపేట పరిసరాలలో సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. లారీలు, కాంట్రాక్టు కూలీలు, లోడింగు ముఠాలు వున్నచోట నెలవారీ ఖాతా తప్పదు. మన హోటలు రోజుకు పోయే 200 ప్లేట్లలో 30 ఖాతాలో పోతే రోజుకు రు. 900, నెలకు రు. 27,000 బయట చిక్కుకున్నట్టు. అమ్మినది నిజమే, కానీ కిరాణా కొట్టువాడు పుస్తకం చూపిస్తే పప్పు ఇవ్వడు. ఇక ఎగవేత సంగతి. ఒక ప్లేటు బాకీ ఎగిరిపోతే చేతినుండి పోయింది 16. మరో ప్లేటు రొక్కానికి అమ్మితే మిగిలేది 14. ఒక ఎగవేత పూడటానికి ఒకటికి పైగా మంచి బేరాలు కావాలి.

ఈ ఖాళీని పూడ్చుకోవటానికి డైలీ ఫైనాన్సు మెట్లెక్కుతున్నారు. పది వేలు రాసుకొని, వెయ్యి ముందే కోసుకొని, తొమ్మిది వేలు చేతికిస్తారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. తీసుకున్నవారు వేసుకొనే లెక్క ఏమిటంటే, పది వేలకు వెయ్యి, వంద రోజులకు, అంటే నూటికి నెలకు మూడు రూపాయలు. ఊళ్ళో వడ్డీ రెండు రూపాయలు గనుక ఇది కొంచెమే ఎక్కువ అనిపిస్తుంది.

అది సరి కాదు. మొదటి రోజు నుండే తిరిగి కడుతున్నారు గనుక ఆ తొమ్మిది వేలు వంద రోజులూ మన దగ్గర వుండవు. యాభయ్యో రోజుకు సగానికి పైగా తిరిగిపోయింది. సగటున మన దగ్గర వున్నది నాలుగున్నర వేలే. నాలుగున్నర వేలకు వంద రోజులకు వెయ్యి వడ్డీ అంటే నూటికి నెలకు ఆరున్నర రూపాయలకు దగ్గర. ముందే పదిహేను వందలు కోసేవారి సంగతి చెప్పనే అక్కరలేదు. ప్లేటుకు 14 మిగిలే వ్యాపారం ఈ వడ్డీని మోయలేదు. ఒక అప్పు తీర్చటానికి ఇంకో అప్పు, దానిని తీర్చటానికి మూడోది. హోటళ్ళు మూతపడటంలో ఎదురు హోటలు కన్నా ఈ వంద రోజుల కార్డు పాత్రే ఎక్కువని ఈ విలేకరి అభిప్రాయం.

పట్టణాలలో తోపుడుబండి, బజ్జీల బండి నడిపేవారికి 2020లో వచ్చిన పి.ఎం. స్వనిధి పథకం కింద పూచీకత్తు లేకుండా బ్యాంకు అప్పు ఇస్తున్నారు. 2025 ఆగస్టులో మొదటి విడత 15,000, సకాలంలో కడితే రెండో విడత 25,000, మూడో విడత 50,000గా మార్చి, 2030 మార్చి వరకు పొడిగించారు. సకాలంలో కట్టినవారికి 7 శాతం వడ్డీ రాయితీ వుంది. గది వున్న హోటలుకు 2015 నుండి అమలులో వున్న ముద్రా అప్పు వుంది. అందులో చిన్న తరగతి 50,000 వరకు. బ్యాంకు చుట్టూ నాలుగుసార్లు తిరగాలన్నది నిజమే. నాలుగు రోజుల తిరుగుడునూ నెలకు ఆరున్నర రూపాయల వడ్డీనీ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

రోడ్డు మారితే

పాత తొమ్మిదో నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 65వ నంబరు, ఒకప్పుడు నందిగామ ఊరి నడిమధ్య నుండి పోయేది. లారీ అయినా, కారు అయినా ఊళ్ళో హోటళ్ళ ముందు నుండే వెళ్ళాలి. 2012 నాటికి నాలుగు వరుసల రోడ్డు, బైపాసు వచ్చాయి. ఊళ్ళో హోటళ్ళ వంట మారలేదు, ధరలు మారలేదు, ముందు నుండి పోయే మనుషులు మారారు. ఊరి బేరానికి, పల్లెల నుండి ఆఫీసు పనుల మీద వచ్చేవారి బేరానికి సర్దుకున్నవారు నిలిచారు. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యాక టోల్ గేటు దగ్గర బండ్లు ఆగే సమయం తగ్గింది. జామకాయలు, మొక్కజొన్న పొత్తులు అమ్ముకొనేవారి బేరం ఆ ఆగే సమయంలోనే వుండేది. ఇప్పుడు రోడ్డును ఆరు వరుసలు చేసే ఆలోచన నడుస్తున్నది. రోడ్డు పక్కన కొత్తగా రేకుల షెడ్డు వేసేవారు ఎంత మేర తీసుకుంటారో కనుక్కొని వేయటం మంచిది.

2020 మార్చి 25న దేశమంతా మూతపడింది. 2023 జూలైలో మునేరు పొంగి ఐతవరం దగ్గర నీళ్ళు రోడ్డెక్కాయి. 2024 సెప్టెంబరు 1న గరికపాడు దగ్గర పాలేరు వంతెన దెబ్బతిని హైదరాబాదు రాకపోకలు నిలిచిపోయాయి. ఇలాంటి రోజుల్లో ప్లేటు వెంట పోయే ఖర్చు ఆగుతుంది. అద్దె ఆగదు, మాస్టరును వదులుకోలేము. మన లెక్కలోని హోటలు పది రోజులు మూస్తే రు. 22,500 కావాలి. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ళకు, సంక్రాంతికి హైదరాబాదు నుండి కార్ల బారులు వచ్చే రోజులకు గల్లా పొంగుతుంది. ఆ డబ్బు ఈ పది రోజుల కోసం. చాలా ఇళ్ళలో అది పెళ్ళిలో చదివింపులకో, కొత్త బండికో పోతున్నది.

పనివారి వైపు నుండి

మాస్టరుకు 800 ఎక్కువని యజమానులు, ప్లేట్లు కడిగే మనిషి నిలవటం లేదని అందరూ మొర పెడతారు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మిరపకాయల కోత కూలి పెరుగుతుంది. హోటలులో పద్నాలుగు గంటలు నీళ్ళలో నిలబడేకన్నా మధ్యాహ్నం దాటాక ఇంటికి పోయే కోత పని మేలని ఆడవారు అటు పోతారు. అందులో తప్పేమీ లేదు. చేలో ఎంత వస్తుందో అంతకు దగ్గరగా ఇవ్వని హోటలుకు ఆ రెండు నెలలు మనిషి దొరకదు. ఏడాది పొడుగునా నిలిచే మనిషికి ఆ రెండు నెలలకు కూలి పెంచి ఇవ్వటం, కొత్త మనిషిని వెతికి, పగిలిన గ్లాసుల ఖర్చు భరించటం కన్నా తక్కువలో పోతుంది.

పనివారు కూడా ప్లేటు లెక్క తెలుసుకోవాలి. సాంబారు బకెట్టు పట్టుకొని అడగకముందే పోసే సర్వరు ప్లేటులో ఎంత వదిలేస్తున్నారో చూస్తే, కొన్నది వంకాయ, కొసరు గుమ్మడికాయ అయిపోతున్నదని అర్థమవుతుంది. ఆ వదిలేసినది తన జీతం పెరగవలసిన చోటు.

అమ్మకం వేరు, లాభం వేరు, పన్ను వేరు

రోజుకు 6,000 అంటే ఏడాదికి 360 రోజులకు రు. 21,60,000. హోటలు సేవ గనుక ఏడాది అమ్మకం 20 లక్షలు దాటితే జి.ఎస్.టి. నమోదు తప్పనిసరి. లాభం వచ్చిందా లేదా అన్నది చూడరు. కోటిన్నర లోపు అమ్మకమున్నవారు కాంపొజిషన్ పద్ధతిలో అమ్మకం మీద 5 శాతం కట్టవచ్చు గానీ, దానిని తినేవారి నుండి బిల్లులో వేరుగా వసూలు చేయరాదు. మన హోటలుకు అది రు. 1,08,000 అవుతుంది. యజమానికి రోజుకు మిగిలే 550 ఏడాదికి 1,98,000 అని గుర్తుంచుకుంటే ఎంత భాగమో తెలుస్తుంది. మామూలు పద్ధతిలో 5 శాతం బిల్లులో చూపి తీసుకోవచ్చు. కానీ సరుకుల మీద కట్టిన పన్ను తిరిగి రాదు. ఏది మేలో పన్నుల సలహాదారును అడిగి, ధర నిర్ణయించకముందే తేల్చుకోవాలి. ఫోనులో వచ్చే చెల్లింపులన్నీ బ్యాంకులో నమోదవుతున్నాయి. 2025 జూలైలో బెంగుళూరులో ఆ లెక్కలు చూసి చిన్న దుకాణాలకు నోటీసులు వచ్చాయి. లాడ్జీల సంగతి రెండు మాటల్లో: వెయ్యి రూపాయల లోపు గదికి 2022 జూలై 18 దాకా పన్ను లేదు, తర్వాత 12 శాతం, 2025 సెప్టెంబరు 22 నుండి 5 శాతం.

కొత్తగా హోటలు పెట్టదలచినవారు గదికి అడ్వాన్సు ఇవ్వకముందు వారం రోజులు ఆ గది ముందు కూర్చుంటే మంచిది. ఉదయం ఆరు నుండి పదింటి దాకా ఎంతమంది నడిచిపోయారు, ఎన్ని బండ్లు ఆగాయి, పక్క హోటలులోకి ఎందరు వెళ్ళారు అని గీతలు గీసుకోవాలి. సంత రోజునే కాదు, ఏ సందడీ లేని రోజున కూడా. ఆ మామూలు రోజున తన లెక్క ప్రకారం కావలసిన 254 మందిలో ఎందరు తన గుమ్మం ఎక్కుతారో అంచనా వేసుకొని, అప్పుడు అద్దె బేరం మొదలు పెట్టవచ్చు.